నాలుక లెక్కలు

మూడో గ్లాసు కూడా ఖాళీ చేసి, కళ్ళకు కట్టిన తువ్వాలు విప్పకుండానే బసవేశ్వరరావు నాలుక చప్పరించాడు. గొంతులో కాస్త ఘాటు తగిలింది. అంతకుమించి ఏమీ తెలియలేదు.

"ఏంటిరా, ఎన్ని మార్కులు?" అన్నాడు రేపల్లె నుంచి వచ్చిన బ్రహ్మయ్య.

"ఆరు," అన్నాడు బసవేశ్వరరావు నీరసంగా.

"నాదీ ఆరే," అన్నాడు బ్రహ్మయ్య వెంటనే. బాపట్ల వెంకటరత్నం కూడా ఆరే అన్నాడు. ఇందాక మొదటి రెండు గ్లాసులకీ ఆరే పడ్డాయి.

మద్యనిషేధం ఎత్తేసిన కొత్తలో మొదలెట్టిన ఆట ఇది. కాలేజీ రోజుల్లో ఒకే గదిలో ఉన్న ముగ్గురు స్నేహితులు నెలకో ఆదివారం కలుసుకుంటారు. ఒకసారి తెనాలి, ఒకసారి బాపట్ల, ఒకసారి రేపల్లె. పెద్ద తుపాను వచ్చిన నెల తప్ప ఎప్పుడూ మానలేదు. మూడు రకాల విస్కీ ఉండాలి. వెంకటరత్నం మేనల్లుడు పంపే మిలిటరీ క్యాంటీన్ సీసా ఒకటి, బసవేశ్వరరావు బావమరిది మద్రాసు నుంచి పంపేది ఒకటి, బజారులో షాపుది ఒకటి. కళ్ళకు గంతలు కట్టుకుని, ఏది ఏదో తెలియకుండా తాగి, పదికి మార్కులు వెయ్యాలి.

పోసేది ఎవరన్న దగ్గర మొదట్లో పెద్ద గొడవే అయింది. తాగేవాడు పోస్తే ఏదో ఒక సీసా వైపు మొగ్గుతాడు. అన్ని సీసాలనూ సమానంగా అసహ్యించుకునేవాళ్ళే న్యాయంగా పోయగలరని బ్రహ్మయ్య ఒక సిద్ధాంతం తీశాడు. అలాంటివాళ్ళు ముగ్గురి ఇళ్ళల్లోనూ ఒక్కొక్కరు ఉండనే ఉన్నారు. ఇంకేం, ఎవరింట్లో ఆట అయితే ఆ ఇల్లాలు వంటింట్లో గ్లాసులు నింపి తెచ్చిపెట్టాలని, సీసాల్లో మిగిలింది ఆవిడే తూములో పారబోయాలని నియమం పెట్టుకున్నారు. ఇంట్లో ఉంటే ఎవడో ఒకడు దొంగచాటుగా సాధన చేస్తాడని ఆ జాగ్రత్త.

మొదటి ఏడాది ఆడవాళ్ళు పెట్టిన శాపనార్థాలు ఇన్నీ అన్నీ కావు. తర్వాత పాపం అలవాటు పడిపోయారు. ఇప్పుడు మొగుళ్ళతోపాటు వాళ్ళూ రైలెక్కి వచ్చేస్తారు. ఆ కంపు భరించలేమంటూ వంటింటి తలుపేసుకుని పకోడీలు వేస్తారు.

కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైన బసవేశ్వరరావుకి ఈ మార్కులన్నీ కూడి, సగటులు తీసి, గ్రాఫులు గియ్యడం ఒకప్పుడు మహా సరదా. కడుపునిండా తిన్న రోజు బ్రహ్మయ్య ధారాళంగా వేస్తాడు. వెంకటరత్నం మొదటి గ్లాసును తిడతాడు, రెండోదాన్ని క్షమిస్తాడు, మూడోదాన్ని నెత్తిన పెట్టుకుంటాడు. బాపట్లలో ఆట అయితే అందరి మార్కులూ పడిపోతాయి. ఉప్పుగాలికి నాలుక మొద్దుబారుతుందని కొన్నాళ్ళు వాదించాడు కూడా.

ఆ సరదా ఎప్పుడో చచ్చిపోయింది. కొన్నేళ్ళుగా సీసాకీ సీసాకీ తేడా తగ్గుతూ వచ్చింది. ఏ ఊళ్ళో తాగినా అంతే. గ్రాఫులో మూడు గీతలూ కలిసిపోయి ఒకటే గీత మిగిలింది.

దానికి అతనికి ఒకటే అర్థం తోచింది. తన నాలుక పోయింది. నోటికొచ్చిన అంకె తను చెబుతుంటే, తన మీద గురికొద్దీ మిగతా ఇద్దరూ అదే పట్టుకుంటున్నారు. ఒకప్పుడు తెనాలిలో పెళ్ళి వంటవాళ్ళు పులుసులో ఉప్పు చాలిందో లేదో చూడమని అతని దగ్గరికి గిన్నె పట్టుకొచ్చేవాళ్ళు. ఇప్పుడు భార్య వసుంధర పెట్టిన కూర నిజంగా రుచి తెలిసి తింటున్నాడో, అలవాటుకొద్దీ తింటున్నాడో అతనికే నమ్మకం లేదు. ఇవాళ నాలుక, రేపు చెవులు, ఎల్లుండి ఇంకేదో. తలుచుకుంటేనే దిగులుగా ఉంది. ఈ నాటకం ఇంక ఆడలేననిపించింది.

"ఒరేయ్, ఆపేద్దాంరా," అన్నాడు తువ్వాలు లాగేసి. "నాకు మూడేళ్ళుగా ఏ రుచీ తెలియట్లేదు. మీకు అబద్ధం చెబుతున్నాను."

వెంకటరత్నం తన తువ్వాలు విప్పి మడత పెట్టాడు.

"నాకు మాత్రం తెలిసి ఏడుస్తోందా? నువ్వు ఎంతంటే నేనూ అంతే అంటున్నా."

"నేనూ అంతేరా," అన్నాడు బ్రహ్మయ్య తలొంచుకుని. "చెబితే నవ్వుతారని ఊరుకున్నా."

నిజం చెప్పుకున్నాక తేలికపడాల్సింది పోయి ముగ్గురికీ ఒక్కసారిగా ఒళ్ళంతా అలసట కమ్మింది. ముసలితనం గురించి వేళాకోళంగా మాట్లాడుకోవడమే గానీ, ఎదురుగా వచ్చి కూర్చోవడం ఇదే మొదలు. ఇవాళ్టితో సరి అనుకున్నారు. ఆ కబురు చెబితే ఆడవాళ్ళయినా సంతోషిస్తారని బసవేశ్వరరావు లేచి వెళ్ళి వంటింటి తలుపు తట్టాడు.

లోపల నవ్వులు ఆగిపోయాయి. వసుంధర తలుపు తీసింది. పొయ్యి సెగకు ముగ్గురు ఆడవాళ్ళ మొహాలూ కందిపోయి ఉన్నాయి.

"ఇవాళ్టితో ఈ ఆట కట్టిపెట్టేశాం. మా నాలుకలు పోయాయి. ఇంక సీసాలు తెప్పించం. నీకూ పీడ విరగడైంది," అన్నాడు.

బ్రహ్మయ్య భార్య గరిటె కింద పెట్టేసింది. "అయ్యో అన్నయ్యగారూ, అంతపని చెయ్యకండి!" అంది వెంకటరత్నం భార్య.

ఆ మాటకు బసవేశ్వరరావు కళ్ళు చెమర్చాయి. "మా సరదా కోసం ఇన్నాళ్ళూ ఓర్చుకున్నారు. ఇంక చాలమ్మా," అన్నాడు.

వసుంధర మిగతా ఇద్దరి వైపూ చూసింది. కాస్త తటపటాయించి, మొగుడి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"మీ నాలుకలకేం రోగం రాలేదండీ, మేం పోసిచ్చేది మాడ్చిన పంచదారా శొంఠీ కలిపిన నీళ్ళు గానీ, వచ్చే నెల ఆ మద్రాసు సీసా మాత్రం రెండు తెప్పించండి, మా ముగ్గురికీ ఒకటి చాలడం లేదు."