బుస

"అక్కా, ఇంజన్ ఆపెయ్!" జీపు కింద పడుకునే అరిచాను.

నా తలపైనే గాలి ట్యాంకు. కొండదారుల్లో టైర్లకు గాలి కొట్టుకోడానికని, ఇంజన్ తిరిగితే నిండేలా బావ జీపుకి నేనే బిగించాను. మీటరులో ముల్లు ఎర్రగీత దాటేసింది. అక్క ఇంజన్ ఆపినా ముల్లు దిగట్లేదు.

"ఒత్తిడి ఎక్కువైతే గాలి వదిలే వాల్వు ఏది బావా?"

"అదా! నువ్వు రాకముందు ఒకటే బుస. లీకని పీకేసి, ఆ కన్నానికి డమ్మీ మూత బిగించా. నోరు మూయించేశా," అన్నాడు ప్లంబరు బావ, గొప్పగా.

"అది లీకు కాదు బావా! ఆ బుస ఉంటేనే ట్యాంకు పేలకుండా ఉంటుంది. ఇద్దరూ దూరం జరగండి."

ట్యాంకు అడుగునున్న కుళాయిని వెంట్రుకవాసి తిప్పాను. గాలి చెవులు చిల్లులు పడేలా అరిచి, మెల్లగా సద్దుమణిగింది.

డమ్మీ విప్పుకుని బయటికొచ్చేసరికి బావ గోడకానుకుని చెమట తుడుచుకుంటున్నాడు.

"నేను దాన్ని పీకుతుంటే నువ్వేదో అనబోయావు కదే," అన్నాడు అక్కతో.

"నోర్మూసుకోమన్నారుగా."

బావ నా చేతిలోని డమ్మీ వైపు చూశాడు. "ఇప్పుడు చెప్పు."

"వాల్వు సంగతేనా, పెళ్లయినప్పట్నుంచీ ఉన్నవన్నీనా?"

బావ గోడ వదిలి అక్క దగ్గరికొచ్చాడు.

"అన్నీ."