సైనికుడి వాటా

ఆదివారంలోగా చేయాల్సిన పనులు నాలుగు. యంత్రాల బొమ్మలకు రెండో పూత వేయాలి. అరిగిన పాచికలు మార్చాలి. అంతరిక్ష కేంద్రం పటం చిరుగులు అతికించాలి. పాత్రల బలాలు సరిచేయాలి. మొదటి మూడూ కబుర్లలోనే అయిపోయాయి. నాలుగోదాని దగ్గర గొడవ మొదలైంది.

"డాక్టర్ బలం తగ్గించాల్సిందే," అన్నారు మాస్టారు, అట్ట తెర మీదుగా తల పైకెత్తి.

ఆట ఆయన ఆలోచనే. పాడుబడ్డ అంతరిక్ష కేంద్రంలోకి ఒక పైలట్, ఒక మెకానిక్, ఒక డాక్టర్, ఒక సైనికుడు వెళ్తారు. పిచ్చెత్తిన యంత్రాలు వాళ్ళ మీద పడతాయి. యంత్రాలను తెర వెనక నుంచి నడిపేది మాస్టారు. ఎలా నడుపుతారో ఎవరూ అడగకూడదు, అది పద్ధతి. ఆయనకు జ్వరం వచ్చిన వారం మాత్రం ఆ తెర వెనక అన్నయ్య కూర్చున్నాడు.

"ఎందుకు తగ్గించాలి?" అంది చెల్లెలు. మందుల షాపులో ఆమె ఉద్యోగం. డాక్టర్ పాత్రను అల్లింది ఆమే కాబట్టి ఇంట్లో కూడా పేరు డాక్టరమ్మే.

"కాల్చేదీ నువ్వే, కట్టు కట్టేదీ నువ్వే. మేం కిటికీలోంచి చుక్కలు లెక్కపెట్టుకోవాలా తల్లీ?" అంది వదిన. పైలట్‌నీ మెకానిక్‌నీ ఆడించేది ఆవిడ.

"బాగుంది వదినా! తలుపు తీస్తే చాలు, యంత్రాలన్నీ నా మీదికే కదా వస్తున్నాయి. ఆ బలం కూడా లేకపోతే మొదటి గదిలోనే నా పని సరి."

"మందుల వాసన పసిగడుతున్నట్టున్నాయి."

వదిన నవ్వింది. మాస్టారు నవ్వలేదు.

చెల్లెలి భయం ఊరికే కాదు. ఆట అచ్చువేస్తానన్న ప్రెస్సాయన ఓ మెలిక పెట్టాడు. పెట్టెలో మూడు పాత్రలకే చోటుంది. ఆదివారం ఆయన కళ్ళెదుట ఆడతారు. అందులో ఎవరు ముందు పడిపోతే ఆ పాత్రను తీసేస్తారు. మిగిలిన మూడు అట్టల మీద మాత్రం, వాటిని తయారుచేసినవాళ్ళ పేర్లు ఉంటాయి. రోజంతా ఎవరో రాసిన చీటీలు చూసి ఎవరో చేసిన మాత్రలు అందించే మనిషికి, తాను సొంతంగా చేసిన వస్తువు ఇదొక్కటే.

"తగ్గించిన బలం వృథా పోకూడదు, ఇంకొకరికి చేరాలి," అన్నారు మాస్టారు. "ఎవరేమంటారు?"

ఆమె అన్నయ్య వైపు తిరిగింది. నిన్ననే మెట్ల మీద కూర్చుని, "నీ డాక్టర్‌కి నేనున్నాగా," అన్నాడు.

అందరికంటే ముందు చెయ్యెత్తింది అన్నయ్యే.

"తగ్గించండి. సగం తీసి నా సైనికుడికివ్వండి."

"సగమా!" వదిన నోరు తెరిచింది.

"సగమే. సైనికుణ్ణి మించినవాడు ఉండకూడదు."

మాస్టారు ఆయన్నే చూశారు. "బాగా ఆలోచించుకున్నావా?"

"ఆలోచించే అడుగుతున్నా మాస్టారూ."

చెల్లెలు చేతిలోని పాచికలు పక్కకు నెట్టింది. "అంతేలే అన్నయ్యా. నీ పేరు పడాలి. నేనేమైపోతే నీకేం?"

అన్నయ్య సైన్‌బోర్డులు రాస్తాడు. బజారులో సగం బోర్డులు ఆయన చేతివే. ఏ ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు.

"పడితే తప్పా?" అన్నాడు, బ్రష్షు తుడుచుకుంటూ. ఆమె కళ్ళలోకి మాత్రం చూడలేదు.

ఆ వారమంతా ఇంట్లో మాటలు వదిన మీదుగా నడిచాయి.

"తిన్నావా చెల్లాయ్?" అనేవాడు అన్నయ్య.

"తిన్నానని చెప్పు వదినా."

"ఎదురుగానే ఉన్నాడుగా, నువ్వే చెప్పు."

"నమ్మినవాళ్ళను ముంచేసేవాళ్ళతో నాకు మాటల్లేవని కూడా చెప్పు."

ఆదివారం ప్రెస్సాయన కళ్ళజోడు సవరించుకుని కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. పాచికలు దొర్లాయి. మొదటి గది తలుపు తెరుచుకుంది. చెల్లెలు డాక్టర్ బొమ్మ మీద వేలుంచింది.

యంత్రాలు డాక్టర్‌ను దాటుకుని పోయాయి. అన్నీ సైనికుడి మీద పడ్డాయి.

ఒక దెబ్బ, రెండో దెబ్బ. సైనికుడు మోకాళ్ళ మీదికి కూలాడు.

"డాక్టరమ్మా, నీ వంతు. కట్టు కడతావా?" అన్నారు మాస్టారు.

ఆమె తన డాక్టర్ బొమ్మను వెనక్కి జరిపింది. "అంత బలవంతుడికి నా కట్టెందుకు?"

వదిన ఏదో అనబోయింది. అన్నయ్య వద్దన్నట్టు తలూపాడు. మూడో దెబ్బకు సైనికుడు నేలకూలాడు.

"సైనికుడు అవుట్," అన్నాడు ప్రెస్సాయన. "మిగతా మూడూ అచ్చుకిచ్చేయొచ్చు."

తగిన శాస్తి జరిగిందనుకుంది ఆమె. వారం రోజుల మంట ఆ క్షణాన కాస్త చల్లారింది.

అన్నయ్య సైనికుడి బొమ్మను తీసి జేబులో వేసుకున్నాడు. డాక్టర్ అట్టను ముందుకు లాక్కుని, సన్న బ్రష్షు నల్లరంగులో ముంచాడు.

"పేరు ఇంటిపేరుతో సహా రాయనా?" అని అడిగాడు.

"రాయమను వదినా," అంది ఆమె, గోడ వైపు చూస్తూ.

ఆయన ఒక్కో అక్షరం బోర్డు మీద రాసినంత శ్రద్ధగా రాశాడు. ఆట ఇప్పుడు దుకాణాల్లో దొరుకుతోంది. పెట్టెలో సైనికుడు లేడు.

యంత్రాలు ముందు బలవంతుణ్ణే కొడతాయని తెలిసే బలం అడిగిన ఆ సైనికుణ్ణి గుర్తుంచుకోండి.