దర్భబొమ్మ పక్కన పెట్టాల్సిన విమానం

పన్నెండేళ్లు జాడ తెలియని మనిషిని దర్భలతో బొమ్మ చేసి కాల్చాల. అది శాస్త్రం. డెబ్భై ఒకటి యుద్ధంలో విమానమెక్కిన గురురాజ దిగి రాలేదు. తప్పిపోయినాడని ఒక కాగితం వచ్చింది, అంతే. తెల్లవారితే వాని బొమ్మకు నిప్పు.

ఆ రాత్రి ఆదోని ఇంట్లో అన్న వెంకోబారావు, తమ్ముడు సగంలో వదిలిపోయిన ప్లాస్టిక్ విమానాన్ని అతికిస్తాండాడు. తల్లి సుభద్రమ్మ మాట అది.

"వానిది వాని వెంటే పోనీ అప్పా. సగం పని మోయించి పంపద్దు."

విమానం ముక్కలొచ్చిన పెట్టెలో పైలట్ బొమ్మ లేదు. ఖాళీ సీటు మీదనే అద్దం మూత పెట్టి, అంచంతా గమ్ము పూసి మూసేసినాడు. రెక్కలకు రంగేసి చూస్తే అద్దానికి ఆవిరి పట్టింది. పంచె కొసతో తుడిచినాడు. పోలేదు. ఆవిరి లోపలుంటే బయట తుడిస్తే యాడ పోతుంది?

"అమ్మా, గమ్ముకు ఆవిరి పడుతుందా?"

"నన్నడుగుతావేమిరా? బియస్సీ సదివింది నువ్వా నేనా?"

నవ్వబోయినాడు. అంతలో ఆవిరి నడుమ నువ్వుగింజంత తేటపడింది. మళ్లా ముసిరింది. మళ్లా తేటపడింది, ఈసారి లోపల నుంచి ఎవరో చేత్తో తుడిచినట్టు.

"ఎండిందా వెంకోబా? తెచ్చి బొమ్మ పక్కన పెట్టు. తెల్లారొస్తాంది, ఆచార్లు వచ్చే వేళైంది."

వెంకోబారావు బ్లేడు తీసి అద్దం అంచున ఆనించినాడు. కోస్తే లోపల వానికి యాడ తగులుతుందో. కోయకుంటే మంట.

"వెంకోబా!"

చెయ్యి ఇటూ కదల్లేదు, అటూ కదల్లేదు.