పైకి చదివే పిల్ల

బడి గేటు దాకా వచ్చి ఆమె ఆగిపోయింది. కుడిచేతికి చుట్టుకున్న గుడ్డను సర్దుకుంది.

“నొప్పిగా ఉందా అమ్మా?” అంది కూతురు.

“ఇస్త్రీపెట్టె అంటుకుంటే నొప్పి ఉండదూ? పద.”

నిజానికి ఇస్త్రీపెట్టె ఎక్కడా అంటుకోలేదు. పదకొండేళ్ళుగా లాండ్రీలో పని చేస్తోంది. ఏ చొక్కా ఎవరిదో గుండీలు చూసి చెప్పేస్తుంది. ఒక్కనాడూ చెయ్యి కాల్చుకోలేదు. కాలినట్టు నటించడం మాత్రం ఇదే మొదలు. కొత్త టీచరు తల్లులందరినీ పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టి, ‘మీ పాప గురించి నాకు చెప్పండి’ అనే కాగితం నింపిస్తోందని మొన్న పక్కింటావిడ చెప్పింది. అప్పటి నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు.

ఆమెకు అక్షరం ముక్క రాదు. ఆ సంగతి ఇంకెవరికి తెలిసినా ఫరవాలేదు. కూతురికి తెలిస్తే మాత్రం దాని ముందు తలెత్తుకోలేనని భయం. ‘మా అమ్మకి అన్నీ తెలుసు’ అని అది వీధంతా చెప్పుకుంటుంది మరి. పిల్ల బళ్ళో చేరినప్పటి నుంచీ, కళ్ళజోడు మరిచిపోయాననీ, తలనొప్పనీ, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయనీ ఏదో ఒకటి చెప్పి నెట్టుకొస్తోంది.

కూతురు ముందు గెంతుతూ నడిచింది. దాని నోరు ఒక్క క్షణం ఊరుకోదు.

“నేల జారుతుంది, జాగ్రత్త! ఆఫీసు గది. తాగే నీళ్ళు. మూడో తరగతి, సి!”

గోడ మీద ఏది కనిపిస్తే అది గట్టిగా చదివేస్తుంది. అందుకే దాన్ని అందరూ వసపిట్ట అంటారు.

గదిలో ఉన్నవన్నీ పిల్లల కుర్చీలే. ఆమె ఒకదాంట్లో ఎలాగో ఇరుక్కుని కూర్చుంది. కొత్త టీచరుకు పాతికేళ్ళు కూడా ఉండవు. అయినా టీచరును చూడగానే తల్లి గుడ్డ చుట్టిన చేతిని ఒళ్ళోకి లాక్కుంది.

టీచరు కాగితమూ పెన్నూ ముందుకు జరిపింది.

తల్లి నోరు తెరిచేలోపే వసపిట్ట అందుకుంది. “అమ్మకి చెయ్యి కాలింది టీచర్. మందు కూడా రాసుకుంది. మీరు అడగండి, అమ్మ చెబుతుంది. మీరే రాసుకోండి.”

మందు మాట ఆమె చెప్పనే లేదు. ఈ కోతలు కోయడం దీనికెవరు నేర్పారో అనుకుంది. అయినా బతుకుజీవుడా అని ఊపిరి పీల్చుకుంది.

టీచరు అడిగింది. ఆమె చెప్పింది. పిల్లకు కుక్కలంటే భయం. పాలలో మీగడ తేలితే గ్లాసు ముట్టదు. అలిగితే మంచం కింద దూరుతుంది, పిలిస్తే రాదు, పలకరించకుండా పక్కన కూర్చుంటే తనే వచ్చి ఒళ్ళో పడుతుంది. చెబుతున్నకొద్దీ ఆమెకు ధైర్యం వచ్చింది. వసపిట్ట గది చివరికి వెళ్ళి గోడ మీది చార్టు చదువుకుంటోంది, పైకే.

టీచరు పెన్ను మూసింది. “ఇంకొక్క విషయం అమ్మా. మీరు కంగారు పడకండి.”

అలా అనగానే ఆమెకు కంగారు పుట్టింది.

“క్లాసులో అందరూ మనసులో చదువుకుంటారు. మీ పాప ఎన్నిసార్లు చెప్పినా పైకే చదువుతుంది. మనసులో చదవడం దానికి రావడం లేదేమోనని నా అనుమానం. హెడ్మాస్టరు గారు సోమవారం నుంచి రెండో తరగతిలో కూర్చోబెట్టమంటున్నారు.”

“రెండో తరగతిలోనా?”

“ఇలాంటివి ఇంట్లో ఒకరికి ఉంటే పిల్లలకీ రావచ్చు. మీ ఇంట్లో చదవడం కష్టమైనవాళ్ళు ఎవరైనా ఉన్నారా?”

నా మొద్దుతనమే దీనికి అంటుకుంది అనుకుంది. నిజం చెబితే పిల్ల వింటుంది. దాస్తే పిల్లకు తరగతి పోతుంది. వసపిట్ట చదవడం ఆపేసి ఇటే చూస్తోంది.

ఆమె కూతురి మీంచి చూపు తిప్పుకుంది.

“ఉన్నారు టీచర్ గారూ. ఇంకెవరో కాదు, అది... నాకే...”

మాట పూర్తి కాలేదు. వసపిట్ట పరుగెత్తుకొచ్చి టీచరు మెడ పట్టుకుని వంచింది.

అమ్మకు వినపడకుండా టీచరు చెవిలో, “మనసులో చదవడం నాకు వచ్చు టీచర్, కానీ అదే అలవాటైపోతే దారిలో బోర్డులు కూడా మనసులోనే చదివేస్తాను, అప్పుడు అమ్మకెలా తెలుస్తుంది?” అంది.