కోడలి వంతెన

ఇంజినీరైన నా కోడలు కట్టిన కాలినడక వంతెన, తెరిచిన గంటకే పక్కలకు ఊగడం మొదలుపెట్టింది. నేనూ, ఐదేళ్ల మనవరాలూ అప్పటికి దాని నడిమధ్యన ఉన్నాం.

పడిపోకుండా జనమంతా కాళ్లు ఎడంగా పెట్టి, ఊపుకు తగ్గట్టు ఒకేసారి కుడికీ ఎడమకీ అడుగులేస్తున్నారు. ఊపు ఇంకా పెరిగింది. కింద నది.

గట్టు మీది నుంచి కోడలు మైకులో గొంతు చించుకుంటోంది. "మీ అడుగులే దాన్ని ఊపుతున్నాయి! నడవకండి, మీ కాళ్లకు మొక్కుతా, ఆగండి!"

"ఈవిడ కట్టిందీ చాలు, చెప్పిందీ చాలు! నడువు పెద్దమ్మా," అంటూ వెనక నుంచి ఓ భారీకాయుడు నన్ను తోశాడు.

పదేళ్లుగా కోడలి మాట ఒక్కటీ వినని నేను ఆగిపోయాను. మనవరాలిని ఎత్తి గుండెకు అదుముకున్నాను. దారి లేక భారీకాయుడూ ఆగాడు, అతని వెనకవాళ్లూ ఆగారు. ముందువాళ్లు తిరిగి చూసి నిలబడ్డారు. కాసేపటికి వంతెనా నిలబడింది.

కోడలు పరుగున వచ్చి మా ఇద్దరినీ వాటేసుకుంది. "నా మాట నమ్మారా అత్తయ్యా?"

"నమ్మక చస్తానా, ఇంజినీరువి కదా!" అన్నాను.

ఇక పోయామనే అనుకున్నాననీ, పోయేలోపు మనవరాలిని ఒక్కసారి ఎత్తుకోవాలనే ఆగాననీ ఆమెకు చెప్పలేదు.