చలికి చావని పురుగు

అర్జునరావు చేతుల వణుకు ఆగడం లేదు.

ఆస్పత్రి గదిలో మంచం అంచున కూర్చున్నాడు. ఒంటి మీద వదులు వదులుగా ఆకుపచ్చ బట్టలు. కిటికీ అవతల డిసెంబరు పొగమంచులో పోర్టు క్రేన్లు మసకగా కనిపిస్తున్నాయి. ఎక్కడో ఓడ కూత వేసింది. ఉలిక్కిపడ్డాడు.

పక్కనే సూర్యకళ శాలువా నిండుగా కప్పుకుని కూర్చుంది. 1980ల్లో ఇంటర్లో అతనికి జువాలజీ చెప్పిన మేడమ్.

తలుపు దగ్గర అతని తల్లి గంగాలమ్మ నిలబడింది. ఈ పూట చేపల బేరం మానుకుని తెల్లారేసరికి వచ్చేసింది.

"రేత్రి కూడు ముట్టలేదమ్మా. బెదిరిపోతన్నాడు. మీరే ఏదోటి సెప్పండి" అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయింది.

"హైదరాబాద్ వెళ్ళిపోదాం మేడమ్" అన్నాడు అర్జునరావు. "అక్కడ పెద్ద పెద్ద డాక్టర్లున్నారు."

"మంచి డాక్టరు ఇక్కడే ఉన్నాడు."

"ఒళ్ళంతా చల్లబరచాలి. గుండె ఆపాలి. ఆపిన గుండె మళ్ళీ కొట్టుకోకపోతే?" మంచం అంచు గట్టిగా పట్టుకున్నాడు. "నాను తట్టుకోలేను మేడమ్."

భయం వేస్తే అతని నోట ఇంటి మాట వస్తుందని ఆమెకు తెలుసు. అతని చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది.

"హిమాలయాల నుంచి నేను తెచ్చిన పెంకుపురుగులు గుర్తున్నాయా?"

"ఐసులో పెట్టి క్లాసుకి తెచ్చారు. చచ్చిపోయాయనుకున్నాం. ఎండ తగలగానే కాళ్ళాడించాయి."

"నువ్వు బల్లెక్కి అరిచావు."

అతను నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"ఎందుకు చావలేదవి?" క్లాసులో అడిగినట్టే అడిగింది.

"వాటి ఒంట్లో ఒక ప్రోటీన్ ఉంది. చిన్న మంచు పలుకు పుట్టగానే దాన్ని అంటిపెట్టుకుని పెరగనివ్వదు. లోపల గడ్డకట్టదు." ఆగాడు. "మనిషికి అది లేదు కదా మేడమ్!"

"లేదు. అందుకే మనిషిని అంత చలిదాకా తీసుకెళ్ళరు. ఆ సంగతి నీకూ తెలుసు."

తెలుసు. తెలిసినా వణుకు తగ్గలేదు.

నర్సు తలుపు తోసింది. "టైమైంది. అందరూ రెడీగా ఉన్నారు."

అర్జునరావు కదల్లేదు. సూర్యకళ అతని భుజం తట్టింది.

"లే నాయనా. మళ్ళీ మాట్లాడుకుందాం."

థియేటర్ తలుపులు మూసుకున్నాయి. వరండాలో గంగాలమ్మ గోడకి చేరబడి "పోలమ్మ తల్లీ, పోలమ్మ తల్లీ" అని గొణుగుతూనే ఉంది.

లోపల మిషన్ మీద అంకెలు ఒక్కొక్కటిగా దిగాయి. ఒళ్ళు చల్లబడింది. గుండె ఆగింది. తెర మీద గీత తిన్నగా సాగింది.

చాలాసేపటికి నెత్తురు మెల్లగా వేడెక్కించడం మొదలుపెట్టారు. గీత కదల్లేదు. ఇంకొంచెం వేడి. అయినా కదల్లేదు. నర్సు కళ్ళు గట్టిగా మూసుకుంది.

గీత ఒక్కసారి ఎగిరింది. ఆగింది. మళ్ళీ ఎగిరింది. ఇక ఆగలేదు.

చివరి కుట్టు వేసి గ్లౌజులు విప్పిన డాక్టర్ అర్జునరావు, బల్ల మీద మత్తులో ఉన్న సూర్యకళ పాదాలను దుప్పటి పైనుంచే రెండు చేతులతో పట్టుకున్నాడు.