ఎండ కరిచిన గాటు

“ఈ తుమ్మతోపులో వాలిన ప్రతి రెక్కకూ ఒక కొమ్మ దొరుకుతుంది” అని కాకిపెద్ద మాటిచ్చాడు. ఆ మాట నమ్మి గిజిగాడు, చెరువెండి ఈతచెట్లన్నీ మాడిపోయిన తన ఊరు వదిలి, పెళ్లాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

వచ్చిన రోజు నుంచీ పనికి కొదవ లేదు. గాలికి చెదిరిన కాకిగూళ్లన్నీ అతనే గడ్డిపోచలతో బిగించి అల్లాడు. గింజలు కూలిగా దొరికాయి కానీ, కొమ్మ అడిగినప్పుడల్లా “చూద్దాంలే” అనేవాడు కాకిపెద్ద. ఆలుమగలిద్దరూ తోపు బయట, గూడు వేలాడదీయను వీల్లేని ముళ్లకంచె మీదే ఉండిపోయారు.

తొలకరి మబ్బులు కమ్మిన రోజు గిజిగాడు కాకిపెద్ద గూడు సగం అల్లి, ఆగి, మళ్లీ అడిగాడు.

“కొమ్మ శరణార్థులకేనోయ్. ఇంతకీ నిన్ను తరిమిందెవరు?”

“ఎండ, పెద్దయ్యా.”

చుట్టూ ఉన్న కాకులన్నీ గొల్లున నవ్వాయి. కాకిపెద్దా నవ్వాడు.

“డేగ తరిమితే ఒంటి మీద గాటుంటుంది. ఎండ కరిచిన గాటేదిరా, చూపించు! నువ్వు కూలికొచ్చినవాడివి. పనయ్యాక మీ ఊరెళ్లిపో.”

“వెళ్లడానికి అక్కడ చెట్టేదీ? మా అల్లికకు మీ తోపులో చోటుంది. మా గుడ్డుకు లేదా?”

“అది వచ్చే సభలో చర్చిస్తాం.”

గిజిగాడు కంచె వైపు చూశాడు. గుడ్డు బరువుతో పెళ్లాం ఎగరలేక ముళ్ల మధ్య ఒదిగి ఉంది. అతను కాలికింద పట్టిన గడ్డిపోచను వదిలేశాడు.

“మీ చర్చకు తొందర లేదు. గుడ్డు ఆగదు, నేల మీద పెడితే పాము వదలదు. ఈ సగం గూడు ఇలాగే ఉంటుంది. కొమ్మ ఇస్తారో లేదో చెప్పండి, పెద్దవానలు మొదలయ్యే ఆరుద్ర కార్తె మొదటి రోజుకల్లా.”